శాంటో డొమింగోలో సంచుల కాపలా

ఈమధ్య ఇద్దరు ముగ్గురు పిల్లలు ఫోన్ చేశారు. చదువుకోడానికి డబ్లిన్ వచ్చి, ఇక్కడే ఏదో ఒక పనిలో కుదురుకుందామని చూస్తున్నవాళ్ళు. "ఆంటీ, టూర్ మేనేజర్ పనిలో చేరదామనుకుంటున్నాం, ఎలా ఉంటుంది?" అని అడిగారు. "బాగుంటుందమ్మా, ఊళ్ళు చూడొచ్చు" అని చెప్పేశాను. ఫోన్ పెట్టేశాక నామీద నాకే ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళు చేసిన పని గురించి అడిగితే కరపత్రంలో మాట చెప్పానేమిటి? అందుకని ఇది రాస్తున్నాను. ఎన్ని దేశాలు తిరిగానో, ఎవరెవరు శాలువాలు కప్పారో ఇందులో ఉండదు. ముఖ్యంగా ఒక్క రోజు సంగతే ఉంటుంది. ఆ రోజు నేను ఒక తప్పు చేశాను, ఆ తర్వాత ఇంట్లో కూర్చుని అంతకంటే పెద్దది ఇంకొకటి చేశాను.

రాజమండ్రిలో కాలేజీ పిల్లలకి చరిత్ర చెప్పేదాన్ని. మా ఆయన ఉద్యోగం వల్ల డబ్లిన్ శివార్లలో బ్లాంచర్డ్స్‌టౌన్ వచ్చిపడ్డాం. ఇక్కడ నా చరిత్ర ఎవరికీ అక్కర్లేకపోయింది. ఒక గుజరాతీ ఆయన నడిపే ట్రావెల్ కంపెనీలో చేరాను. ఆయన్ని అందరూ భాయ్ అనేవాళ్ళం. ఐర్లండ్‌లో ఉన్న తెలుగు కుటుంబాలని గుంపుగా పోగుచేసి, దేశాలు తిప్పి, మళ్ళీ క్షేమంగా దింపడం నా పని.

పనంటే ఏమిటి

చరిత్ర చెప్పడం మాత్రం కాదు. చరిత్ర చెప్పడానికి ప్రతి ఊళ్ళోనూ ఆ ఊరి గైడ్ ఉంటాడు. అతను ఇంగ్లీషులో చెప్పింది నేను తెలుగులో చెప్పాలి, అదీ మనవాళ్ళు ఆవలించకుండా. మిగతా రోజంతా తలకాయలు లెక్కపెట్టడం, టాయిలెట్లు వెతకడం, పెరుగన్నం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడం. బస్సులో ముందు సీటు ఎవరిదన్న తగువు తీర్చడానికి మాత్రం ఏ చదువూ పనికిరాదు.

భాయ్ నాకు మొదటి రోజే ఒక పాఠం చెప్పాడు. "విజయాజీ, గైడ్ నోటంట తెలియదు అన్న మాట రాకూడదు. తెలియదన్నావో, గ్రూపు చేజారిపోతుంది." బుద్ధిగా నేర్చుకున్నాను. ఒక కోటలో ఒకాయన మెట్లు ఎన్నని అడిగితే నూట డెబ్భై అన్నాను. ఎవరు లెక్కపెట్టొచ్చారు! మరుసటి ఏడాది ఒక రిటైర్డు లెక్కల మేష్టారు లెక్కపెట్టనే పెట్టాడు. నూట ముప్పై ఎనిమిది. "మొన్న కొన్ని మూసేశారండీ" అన్నాను. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. అలా నవ్వుతూ నవ్వుతూనే నాకు అబద్ధం చేతిపనైపోయింది. కూరలో ఉప్పేసినంత తేలిగ్గా వేసేదాన్ని.

ఇంకొకటి, లిస్టు. మా లిస్టులో ఇంటి యజమాని పేరు ఉండేది, పక్కన ప్లస్ వన్, ప్లస్ త్రీ అని. పాస్‌పోర్టు పేర్లు ఆఫీసు కంప్యూటర్‌లో ఉండేవి, నా చేతిలో కాయితం మీద మాత్రం ఇంతే. బస్సు ఎక్కాక "సుబ్బారావుగారూ, మీవాళ్ళు ఎక్కేశారా?" అని అడిగితే "ఎక్కేశారమ్మా" అనేవాడు. ఆ ప్లస్ వన్ పేరేమిటో నాకు తెలిసేది కాదు. నేనూ ఆడదాన్నే. ఒక్కసారి కూడా సిగ్గనిపించలేదు.

ఇక సంచులు. మన ఆడవాళ్ళ గుంపు ఎక్కడికి వెళ్ళినా ఒకావిడ ఉంటుంది. "మీరు వెళ్ళి చూసి రండమ్మా, మీ సంచులు నేను చూస్తూ ఉంటాను" అని ఒక బెంచీ మీద కూర్చుంటుంది. క్షణంలో ఆవిడ చుట్టూ హ్యాండ్‌బ్యాగులు, స్వెట్టర్లు, ఫ్లాస్కులు కొండలా పేరుకుంటాయి. పదిమందికి చేతులు ఖాళీ అవుతాయి, గుంపు చకచకా నడుస్తుంది. టూర్ మేనేజర్‌కి అంతకంటే ఏం కావాలి? తెల్లవాళ్ళ గుంపుల్లో ఇలాంటి మనిషి ఉండదు, ఎవరి సంచి వాళ్ళే మోసుకుంటారు. మన గుంపుల్లో కాపలా కూర్చున్నావిడ కూడా టికెట్ కొనే వచ్చిందన్న సంగతి ఎవరికీ తోచదు. ఎందుకు కూర్చుందని ఎవరూ అడగరు.

ఆ రోజు

రెండువేల ఇరవై ఫిబ్రవరి. స్కూళ్ళకి మిడ్‌టర్మ్ సెలవులు. ముప్ఫై నలుగురిని కరీబియన్‌కి తీసుకెళ్ళాను. కరోనా అన్న మాట అప్పటికి టీవీలోనే ఉంది. ఎయిర్‌పోర్టులో ఒకరిద్దరు మాస్కులు పెట్టుకుంటే మావాళ్ళే ఆటపట్టించారు.

సముద్రం ఒడ్డున రిసార్ట్. ఐదో రోజు శాంటో డొమింగోకి ఒక్కరోజు ట్రిప్పు. బస్సులో రెండున్నర గంటలు. స్పెయిన్‌వాళ్ళు సముద్రం దాటొచ్చి ఆ వైపు కట్టుకున్న ఊళ్ళలో నిలిచిన మొట్టమొదటిది అదే. పాత ఊరంతా రాతికట్టడాలు. మొదటి కథీడ్రల్ అనే పెద్ద చర్చి, మొదటి కోట, రాళ్ళు పరిచిన మొదటి వీధి. ఆ వీధి పేరే ఆడవాళ్ళ వీధి. గవర్నరు భార్యా, ఆవిడ చెలికత్తెలూ సాయంత్రం పూట షికారు చేసేవాళ్ళట.

అక్కడి గైడ్ రామోన్. అరవై దాటిన మనిషి, ఎండకి వడలిన మొహం, మెల్లగా మాట్లాడేవాడు. కథీడ్రల్ ముందు నిలబడి, ఈ రాళ్ళు మోసిందెవరో చెప్పాడు. ఆ దీవిలో అంతకుముందు ఉన్నవాళ్ళు చాకిరీతో కొందరు, ఓడల్లో వచ్చిన రోగాలతో కొందరు, కొన్నేళ్ళలోనే తుడిచిపెట్టుకుపోయారని చెప్పాడు. "ఎంతమంది పోయారు?" అని మావాళ్ళలో ఒకాయన అడిగాడు. రామోన్ కాసేపు నేల చూసి, "నాకు తెలియదు సార్. వాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు" అన్నాడు. వీడేం గైడ్‌రా బాబూ అనుకున్నాను. తెలుగులో మాత్రం "లక్షల్లో పోయారండీ" అని చెప్పి ముందుకు నడిపించాను.

కథీడ్రల్ ఎదురుగా చౌకు. అక్కడే మధ్యాహ్నం పులిహోర పొట్లాలు తిన్నాం. ఆ తర్వాత రెండు గంటల నడక. ఆడవాళ్ళ వీధి, కోట, కోటలో బురుజు, నది, నది పక్కన గవర్నరు మేడ. బయల్దేరబోతుంటే చెట్టు కింద బెంచీ మీంచి ఒకావిడ, "మీ సంచులు ఇక్కడ పెట్టి వెళ్ళండమ్మా" అంది. యాభై అయిదు ఉంటాయి. లేతపసుపు చుడీదార్, తెల్ల బూట్లు. డబ్లిన్‌కి దూరంగా ములింగార్ అనే ఊరి నుంచి వచ్చిన పురుషోత్తంగారి భార్య. ఆయన అక్కడి ఫ్యాక్టరీలో ఇంజనీరు. పెద్ద కెమెరా మెళ్ళో వేసుకుని అప్పటికే మగవాళ్ళతో వీధి మలుపు తిరిగిపోయాడు.

సంచులన్నీ చేరాయి. నా సంచి కూడా అక్కడే పడేసి, "మీరు మా పాలిట దేవతండీ" అన్నాను. ఆవిడ నన్ను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది.

"పొద్దున్నుంచీ కాస్త ఆయాసంగా ఉందమ్మా" అంది గొంతు తగ్గించి. "ఆయనతో అనకండి. అన్నారంటే కెమెరా మూసేసి ఇక్కడే కూర్చుంటారు. ఈ ఊరు చూడాలని ఆయనకి ఎన్నాళ్ళ కోరికో."

"నీళ్ళున్నాయా?"

"ఉన్నాయి."

"అయితే సరే, హాయిగా కూర్చోండి" అన్నాను.

నాలుగడుగులు వేశామో లేదో రామోన్ ఆగాడు. "మేడం, ఆవిడ మొహం బాగాలేదు. పక్క వీధిలో క్లినిక్ ఉంది. కావాలంటే నేను తీసుకెళ్తాను, మీరు గ్రూపుతో వెళ్ళండి."

"మా ఆడవాళ్ళు ఇలాగే కూర్చుంటారు రామోన్. మాకిది మామూలే" అన్నాను.

తిరిగొచ్చేసరికి ఆవిడ అక్కడే ఉంది. ఎవరి సంచి వాళ్ళకి అందించింది. బస్సులో పురుషోత్తంగారు "అన్నీ చూశావా?" అని అడిగితే, "చూశాను, ఎంత బాగుందో" అంది. నా చెవులతో విన్నాను.

ఏప్రిల్

ఇదంతా ఇప్పుడు పూస గుచ్చినట్టు గుర్తుంది. ఏప్రిల్‌లో ఫోన్ మోగినప్పుడు మాత్రం ఒక్క ముక్క గుర్తులేదు. ఎలా ఉంటుంది? ఇరవై రెండేళ్ళలో అలాంటి బెంచీలు ఎన్ని చూశానో! లిస్టులో ఆవిడ పురుషోత్తం ప్లస్ వన్.

అప్పటికి ఊరు మూతబడింది. ఇంటికి రెండు కిలోమీటర్లు దాటి కదలకూడదు. టూర్లన్నీ రద్దయి, రోజంతా కిటికీ దగ్గర కూర్చుని వీధిలో కుక్కల్ని నడిపించేవాళ్ళని లెక్కపెడుతూ ఉండేదాన్ని.

"విజయగారూ, నేను పురుషోత్తాన్ని. ములింగార్. కరీబియన్ ట్రిప్పుకి వచ్చాం, గుర్తుందా?"

"అయ్యో, ఎందుకు లేదండీ! కెమెరా పురుషోత్తంగారు."

"వసుంధర పోయిందండీ. పదిహేను రోజులైంది."

వసుంధర ఎవరో నాకు తెలియలేదు. ఆ రెండు క్షణాల మౌనాన్ని ఆయన దుఃఖం అనుకుని ఉంటాడు. ఆయన భార్యేనని మాటల్లో తెలిసింది గానీ మొహం గుర్తురాలేదు. ఆయనే చెప్పుకుపోయాడు. జ్వరం వచ్చిందట, అంబులెన్స్‌లో తీసుకెళ్ళారట, లోపలికి రానివ్వలేదట. ఎనిమిదో రోజు డాక్టరమ్మ ఫోన్ చేసి చెప్పిందట. దహనానికి ఆయన, కూతురు మేఘన, పక్కింటి దంపతులు. మిగతావాళ్ళందరూ ఇళ్ళల్లో కూర్చుని కంప్యూటర్‌లో చూశారు.

"డాక్టరమ్మ ఒకమాట అందండీ. గుండె ఎప్పట్నుంచో బలహీనంగా ఉన్నట్టుంది, ఇదివరకు ఆయాసం గానీ ఉండేదా అని. లేదని చెప్పాను. ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? కానీ అప్పట్నుంచీ అదే బుర్ర తొలిచేస్తోంది. శాంటో డొమింగోలో మధ్యాహ్నం నేను మగవాళ్ళతో ముందెళ్ళిపోయాను. తను మీతో నడిచింది. ఆ రెండు గంటలూ నేను చూడలేదు. మీరు చూశారు. నిజం చెప్పండి, ఆయాసపడిందా?"

తెలియదు అనొచ్చు. గుర్తులేదండీ, కనుక్కుని చెప్తాను అనొచ్చు. నా నోరు ఇరవై రెండేళ్ళ అలవాటున అదే తెరుచుకుంది. "అబ్బే, ఎంత మాట! అందరికంటే ముందు నడిచారండీ ఆవిడ" అన్నాను.

"నిజంగానా? ఉండండి, స్పీకర్ పెడతాను. మేఘనా, ఇలా రా. విను."

స్పీకర్ పెట్టాక ఇంకేముంది, శ్రోతలు పెరిగారు. బురుజు ఎక్కారన్నాను. పైనుంచి నది చూస్తూ చాలాసేపు నిలబడ్డారన్నాను. ఆయన కొవ్వూరువాడని ట్రిప్పులో చెప్పిన సంగతి గుర్తొచ్చి, "అచ్చం మన గోదావరిలాగే ఉందమ్మా అన్నారండీ" అని కూడా చేర్చాను.

"గోదావరి అందా?" అని ఆయన భోరుమన్నాడు. "విన్నావా మేఘనా, అమ్మ గోదావరి అందట." అటునుంచి కుర్చీ జరిగిన చప్పుడు మాత్రం వినిపించింది.

ఒక మనిషికి ఊరట ఇచ్చాననే అనుకుని ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను. ఆ మాట కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నెల తిరిగిన రోజు జూమ్‌లో సంతాపసభ పెట్టారు. పిలిస్తే నేనూ చేరాను. కొవ్వూరులో బంధువులు, ములింగార్‌లో స్నేహితులు, తెర నిండా మొహాలు. పురుషోత్తంగారు లేచి, "మా ఆవిడ చివరి ప్రయాణంలో ఒక పాత కోట బురుజెక్కి, అక్కడి నదిని చూసి గోదావరిని తలుచుకుంది" అన్నాడు. అందరూ కళ్ళొత్తుకున్నారు. వసుంధరగారి చెల్లెలట, ఒకావిడ వెక్కివెక్కి ఏడ్చింది. నేను నా కెమెరా ఆపేశాను.

సభ అయిన పది నిమిషాలకి ఎన్నిస్ అనే ఊరి నుంచి అనురాధ ఫోన్. ఆ ట్రిప్పుకి వచ్చిన మనిషే, నాకు పాత స్నేహితురాలు.

"అదేంటే విజయా, ఆవిడ బురుజెక్కడమేంటి? ఆ రోజు మన సంచుల దగ్గరే కూర్చుంది కదా. నా నీలం బ్యాగు ఆవిడ ఒళ్ళోనే పెట్టి వెళ్ళాను. ఆయనకి ఎవరు చెప్పారే ఇదంతా?"

అప్పుడు గుర్తొచ్చింది. పసుపు చుడీదార్, తెల్ల బూట్లు, చెయ్యి ఊపడం, పొద్దున్నుంచీ కాస్త ఆయాసంగా ఉందమ్మా అన్న మాట. రామోన్ క్లినిక్ అనడం కూడా.

కిలోమీటర్లు

ఆ నిమిషమే ఆయనకి ఫోన్ చెయ్యాలి. చెయ్యలేదు. ఇలాంటిది ఎదురుగా కూర్చుని చెప్పాలి గానీ ఫోన్‌లో ఏం చెప్తాం అనుకున్నాను. ములింగార్ వెళ్దామంటే, మేలో రెండు కిలోమీటర్లని పెంచింది ఐదుకే. దారిలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కార్లు ఆపుతున్నారు. బ్రహ్మాండమైన సాకు దొరికింది నాకు. ఫోన్‌కి కిలోమీటర్లు లేవన్న సంగతి నాకు తెలియక కాదు.

ఆయనే వారం వారం చేసేవాడు. వంటేం చేశారని అడిగేవాడు, మేఘన అన్నం సరిగ్గా తినడం లేదనేవాడు. చివరికి అక్కడికే వచ్చేవాడు. "ఇంకోసారి చెప్పండి విజయగారూ, బురుజు దగ్గర ఏం జరిగింది?" నేను చెప్పేదాన్ని. తెలిసి తెలిసీ చెప్పేదాన్ని. చెప్పిందే చెప్తే బాగుండదని కొంచెం కొంచెం కలిపేదాన్ని. గాలికి చున్నీ ఎగిరిందని ఒకసారి, దిగేటప్పుడు ఒక పాప చెయ్యి పట్టుకున్నారని ఒకసారి. ఫోన్ పెట్టేశాక బాత్‌రూమ్‌లోకి వెళ్ళి నీళ్ళు వదిలి ఏడ్చేదాన్ని, మా ఆయనకి వినపడకుండా.

పిల్లలూ, ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఈ కాస్తే. లిస్టు మీ చేత్తో మీరే రాసుకోండి, ప్రతి మనిషికీ పేరు ఉండాలి. సంచుల దగ్గర కూర్చుంటానన్న మనిషిని ఎందుకు కూర్చుంటున్నావని అడగండి, ఒకసారి కాదు రెండుసార్లు అడగండి. మావాళ్ళకి చెప్పకండి అని ఎవరైనా అంటే, ముందు వాళ్ళవాళ్ళకే చెప్పండి. మొహమాటం, మర్యాద, ట్రిప్పు పాడవడం, అన్నీ తర్వాత. రామోన్‌ని నేను చేతకాని గైడ్ అనుకున్నాను. ఆ రోజు అక్కడ పని తెలిసిన మనిషి అతనొక్కడే. ఇదంతా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉందని నాకు తెలుసు.

ములింగార్

జూన్ ఆఖరుకి దేశమంతా తిరగొచ్చన్నారు. ఆ వారమే వెళ్ళాను. పొద్దున పదకొండు గంటలకి, ముసురు పట్టి ఉంది. పురుషోత్తంగారు ఇంటి వెనక చిన్న తోటలో పెద్ద గొడుగు కింద ఎడంగా రెండు కుర్చీలు వేసి ఉంచాడు. మనిషి సగమయ్యాడు. మాస్కు కళ్ళ దాకా వచ్చింది. మేఘన టీ కప్పు తెచ్చి పిట్టగోడ మీద పెట్టి, "హాయ్ ఆంటీ" అని లోపలికి వెళ్ళిపోయింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, ఫార్మసీ చదువుతోంది. ఇక్కడే పెరిగింది, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఎప్పుడూ ఇంగ్లీషులోనే.

"ఇంత దూరం వచ్చారు, చాలా సంతోషమండీ" అన్నాడు.

"సంతోషం వద్దండీ. నేను మీకు చెప్పిందంతా అబద్ధం."

"ఏదండీ?"

"బురుజు. గోదావరి. చున్నీ. అన్నీ."

ఆయనకి అర్థం కాలేదు. "అంటే... నడవలేదా తను?"

"నడవలేదు. చౌకులో బెంచీ మీద కూర్చుని మా సంచులకి కాపలా కాశారు. రెండు గంటలూ అక్కడే. పొద్దున్నుంచీ ఆయాసంగా ఉందని నాతో అన్నారు. మీతో అనొద్దన్నారు. నేను అనలేదు. ఊరి గైడ్ క్లినిక్‌కి తీసుకెళ్తానన్నాడు. అక్కర్లేదన్నది నేనే."



"అప్పుడు చెప్పలేదు. సరే, తను వద్దంది" అన్నాడు. "ఏప్రిల్‌లో నేను అడిగినప్పుడు?"

"గుర్తులేదండీ. గుర్తులేదని చెప్పకుండా కల్పించాను."

"మేలో?"

"మేలో గుర్తుంది."

ఆయన లేచి నిలబడ్డాడు. "మీ మాట పట్టుకుని నిద్రపోతున్నానండీ నేను! జూమ్‌లో ఊరందరి ముందూ చెప్పాను. వాళ్ళ చెల్లెలు ఆ మాట కాయితం మీద రాసి ఫోటో పక్కన పెట్టుకుంది. మీకేమండీ, నోరుంది, అంటారు. ఆ సాయంత్రం బస్సులో ఒక్కమాట నా చెవిన వేసుంటే మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి కాదా? మార్చి నెలంతా ఉంది. మార్చి నెలంతా ఇదే ఇంట్లో మెట్లెక్కింది, దిగింది, నాకు చపాతీలు చేసిపెట్టింది. చెప్పండి, తీసుకెళ్ళేవాణ్ణి కాదా?"

"తీసుకెళ్ళేవారు" అన్నాను.

వంటింటి తలుపు దగ్గర మేఘన నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో చూడలేదు.

"నాన్నా, స్టాప్. ఆంటీని అనకు. ఐ న్యూ."

"ఏం తెలుసు నీకు?"

"అమ్మ నాకు కాల్ చేసింది. ఆ బెంచ్ నుంచి." ఇంగ్లీషు వదిలేసి, ఒక్కొక్క మాట వెతుక్కుంటూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. "నేను లైబ్రరీలో ఉన్నాను. అందరి బ్యాగ్స్ చూస్తున్నా, బోర్ కొడుతోంది, నువ్వు మాట్లాడు అంది. ఆయాసం అని చెప్పింది. నాన్నకి చెప్పకు అంది. ఇంటికి రాగానే మన జీపీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, ప్రామిస్ అన్నాను. ప్రామిస్ చేసింది. తర్వాత నేను అడగలేదు నాన్నా. అసైన్‌మెంట్స్ ఉన్నాయి, మర్చిపోయాను. ఫార్మసీ చదువుతున్నా, మర్చిపోయాను."

పురుషోత్తంగారు కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"ఆంటీ స్పీకర్‌లో అమ్మ అందరికంటే ముందు నడిచింది అన్నప్పుడు అది లై అని తెలుసు. ఊరుకున్నాను. ఆంటీ చెప్పిందే నిజమైతే, నా తప్పు ఉండదు కదా. ప్రతి వీక్ నువ్వు ఆంటీకి కాల్ చేస్తుంటే పైన నా రూమ్‌లో వింటూ ఉండేదాన్ని. నేను కూడా దాంట్లోనే దాక్కున్నాను."

ఆ పిల్ల గుమ్మంలోనే తడి మెట్టు మీద కూర్చుని మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. నాకు లేచి వెళ్ళి ఒళ్ళోకి తీసుకోవాలనిపించింది. ఆ హక్కు నాకెక్కడిది? కుర్చీలోనే ఉండిపోయాను.

పురుషోత్తంగారు గొడుగు కిందనుంచి వానలోకి వచ్చాడు. మెల్లగా నడిచి, కూతురి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత మాస్కు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎంతసేపు మాట్లాడింది?"

"నలభై ఏడు నిమిషాలు. ఫోన్‌లో ఉంది, తర్వాత చూశాను."

"నలభై ఏడు నిమిషాలా? ఏం మాట్లాడిందమ్మా అంతసేపు?"

"అన్నీ. ఆ స్క్వేర్‌లో ఏమేం ఉన్నాయో అన్నీ. పావురాలు, షూ పాలిష్ చేసే తాతగారు, చర్చి ముందు ఒక పెళ్ళికూతురు. ఆ పెళ్ళికూతురి గౌన్ తొక్కి పెళ్ళికొడుకు పడిపోయాడట. అమ్మ నవ్వింది."

"నవ్విందా?"

"చాలా నవ్వింది. నవ్వుతుంటేనే కదా నాన్నా, ఆయాసం..."

"ఉండు, ఉండు" అన్నాడాయన. కూతురి చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

నేను లేచి పక్క గేటు వైపు నడిచాను. వాళ్ళిద్దరూ నన్ను చూడలేదు. గేటు గడియ తీస్తుంటే ఆయన గొంతు వినిపించింది.

"మొదట్నుంచీ చెప్పు. తీరిగ్గా చెప్పు. ముందు పావురాలు చెప్పు. ఆయాసం మాట ఆఖర్న చెప్పు."